మూడో మాట

చేసిన పాపం చెబితే పోతుందంటారు. నేను చెప్పాను. ఊరంతటికీ తెలిసేట్టు చెప్పాను. పోయిందా అంటే, ఇదిగో, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎవరింట్లోనైనా రై రొట్టె కాలుతున్న వాసన వస్తే లేచి వెళ్ళి కిటికీ మూసేస్తాను.

అది రష్యాకీ జపానుకీ యుద్ధం అయిపోయిన మరుసటి వేసవి. మా నాన్న షబ్సయ్ నేమన్ నది ఒడ్డున మా ఊరి యూదులకు రబ్బీ, అంటే ధర్మసందేహాలు తీర్చే గురువు. పెళ్ళయిన రెండో ఏడే మొగుణ్ణి జ్వరానికి పోగొట్టుకుని నేను పుట్టింటికి చేరాను. మగపిల్లలు లేని ఇల్లు కాబట్టి చిన్నప్పుడే నాన్న నాకు శాస్త్రాల భాష చదవడం, రాయడం నేర్పాడు. ఆ ఏడు ఆయన కళ్ళను శుక్లాలు పూర్తిగా కమ్మేశాయి. ముప్ఫై ఏళ్ళుగా ధర్మశాస్త్రం మీద రాసుకున్న కాగితాలన్నీ నా ముందు పెట్టి, "ఫ్రేడ్ల్, నీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. వీటికి ఒక మంచి ప్రతి రాసిపెట్టు తల్లీ. పర్ణశాలల పండుగ దాటగానే విల్నా పట్నానికి అచ్చుకు పంపుదాం," అన్నాడు.

కాగితాలు తెరిచి చూస్తే నాకు ఒళ్ళు మండింది. ప్రతి పుటలోనూ కోపెల్!

కోపెల్ అంటే ఊళ్ళో కిటికీలకు అద్దాలు బిగించేవాడు. చదువులో మాత్రం నాన్నకి జతగాడు. అద్దాల చట్రం వీపున మోసుకుంటూ రోజూ పొద్దున్నే మా ఇంటికి వచ్చేవాడు. చట్రం గోడకి ఆనించి, చక్కెర ముక్క పంటికింద పెట్టుకుని, టీ గ్లాసు అందుకున్నాడంటే ఇక మొదలు. ఒకే వాక్యానికి ఆయన ఒక అర్థం చెప్తే నాన్న ఇంకొకటి చెప్పేవాడు. ఇద్దరూ ఇద్దరే, ఎవరికి వారు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఆ అరుపులకి కొత్తవాళ్ళయితే తన్నుకుంటున్నారనుకుని లోపలికి పరిగెత్తుకొచ్చేవారు.

ఆ పోట్లాటలన్నీ నాన్న రాసిపెట్టాడు. ముందు 'నా మిత్రుడు కోపెల్ ఇలా అంటాడు', తర్వాత 'నేను ఇలా అంటాను'. ఎక్కడ చూసినా అదే వరస.

"నాన్నా, ఇది నీ పుస్తకమా, ఆయనదా?" అని అడిగేశాను.

"గుమ్మంలో అతిథి ఉంటే ముందు ఎవర్ని లోపలికి రానిస్తామే? మనం తోసుకుపోతామా?"

"పోనీ, ఆయన మాట తప్పని నువ్వే తేల్చావు కదా. ఓడిపోయిన మాట రాయడమెందుకు?"

"ఇవాళ ఓడిన మాట రేపు ఎవరికో తలుపవుతుంది," అన్నాడు నాన్న. "మూసేసుకుంటే నష్టం మనకి కాదు, వాళ్ళకి."

నా చెవికి అది ముసలాయన చాదస్తంలా వినపడింది. ఎందుకంటే ఊళ్ళో మాటలు నాన్న వినలేదు, నేను విన్నాను. గుడ్డి రబ్బీ మనకెందుకు, కొత్తవాణ్ణి తెచ్చుకుందాం అని కలప వర్తకులు గుసగుసలాడుతున్నారు. ఈ పుస్తకం అచ్చయితే నాన్న ఎంతటివాడో వాళ్ళకి తెలుస్తుందని నా ఆశ. అలాంటి పుస్తకంలో పుటకోసారి ఒక అద్దాలవాడు లేచి, కాదు పొమ్మంటుంటే ఏం పరువు మిగులుతుంది?

వారాల పండుగనాడు జరిగినదానితో నా ఓపిక నశించింది. ప్రార్థనా మందిరం నిండా జనం. పక్కవాడి ఎద్దు దారితప్పి తిరుగుతుంటే చూసీ చూడనట్టు పోకూడదు, తోలుకెళ్ళి అప్పగించాలి అన్న ఆజ్ఞకి నాన్న అర్థం చెబుతున్నాడు. వెనక బల్ల మీంచి కోపెల్ లేచాడు.

"చూసినవాడి సంగతి సరే షబ్సయ్! చూపే లేనివాడి మాటేమిటి? వాడికి ఈ ఆజ్ఞ లేనట్టేనా?"

అంతా గొల్లున నవ్వారు. పై అంతస్తులో ఆడవాళ్ళ మధ్య కూర్చున్న నాకు తల కొట్టేసినట్టయింది. నాన్న మాత్రం ఇంటికి వచ్చే దారంతా నా భుజం పట్టుకుని కూనిరాగం తీస్తూనే ఉన్నాడు. "ఎంత గొప్ప ప్రశ్న వేశాడో చూశావా? వారం రోజులు బుర్రకి పని!"

ఆ మర్నాటి నుంచే కోపెల్‌ని తీసేయడం మొదలుపెట్టాను.

కష్టమేమీ కాలేదు. ఆయన మాట వదిలేసి నాన్న మాట మాత్రం ఎక్కించడమే. సాయంత్రాలు నాన్న "ఇవాళ రాసింది చదువు" అనేవాడు. నేను పాత కాగితాలు తీసి, ఇద్దరి మాటలూ చదివేదాన్ని. ఆయన తృప్తిగా తల ఊపేవాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. నేను ఇంకో మెట్టు పైన, కళ్ళు లేనివాడి ఎదురుగా కూర్చుని తాగాను.

ఇక గ్నెషా సంగతి చెప్పాలి.

గ్నెషా మా పక్కింట్లో ఉండేది. రై పిండితో చిన్న రొట్టెలు కాల్చి సంతలో అమ్మేది. అంతకుముందు ఏడు వసంతంలో నేమన్ నదికి వరద వచ్చినప్పుడు ఆమె భర్త యుడెల్ దుంగల తెప్పతోపాటు కొట్టుకుపోయాడు. శవం దొరకలేదు. మా శాస్త్రం ప్రకారం, మనిషి పడిన నీటికి అంచులన్నీ కనపడుతూ ఉండి, ఎవరూ బయటికి రాలేదని చూసినవాళ్ళు ఉంటే, అతని భార్య విధవ. ఇంకొకరిని చేసుకోవచ్చు. అంచు కనపడని నీళ్ళయితే మాత్రం, ఏ గట్టునో తేలి బతికే ఉన్నాడేమో, ఎవరికి తెలుసు? ఆమె చచ్చేదాకా అతని భార్యే. నా మొగుడు మంచంమీద పోయాడు, గ్నెషా మొగుడు నీళ్ళలో పోయాడు. ఇద్దరికీ ఉన్న తేడా అంతే.

ఆ వరదకి పచ్చికబయళ్ళన్నీ మునిగి, గట్టుమీద నిలబడితే నీళ్ళు తప్ప ఇంకేమీ కనపడలేదు. కానీ ఊళ్ళో ఎక్కడ మంట లేచినా పసిగట్టడానికి కట్టిన కొయ్య బురుజు ఒకటుంది. ఆ రోజు దాని మీదున్న కాపలావాడికి నాలుగు వైపులా అంచులు కనిపించాయి. పొద్దుగూకేదాకా చూశాడు. ఎవరూ బయటికి రాలేదు.

దీనిమీద నాన్నకీ కోపెల్‌కీ జరిగిన యుద్ధం నాకింకా చెవుల్లో ఉంది.

"కనపడాలంటే గట్టుమీద నిలబడ్డవాడికి కనపడాలి. పెద్దలు చెప్పింది మామూలు మనిషి సంగతి, పక్షుల సంగతి కాదు," అన్నాడు నాన్న.

"బురుజు ఎక్కింది పక్షి కాదు, మనిషే! ఒరే షబ్సయ్, దేవుడు ధర్మశాస్త్రం ఇచ్చింది కొండమీద. నువ్వేమో గుంటలో నిలబడి చదువుతానంటావు!"

"ఇచ్చింది కొండమీదేరా. కానీ కింద ఉన్నవాళ్ళ కోసం ఇచ్చాడు!"

చివరికి నాన్న గ్నెషాని పిలిచి చెప్పాడు. "అమ్మా, నా మాట నిన్ను కట్టేస్తుంది. కోపెల్ మాట విప్పుతుంది. నా మనసు ఒప్పుకోనిది నేను తీర్పుగా చెప్పలేను. కానీ రెండూ రాశాను. వేసవి చివర్లో, ఇలాంటివి తేల్చే పెద్ద రబ్బీ గెర్షోన్ ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని వస్తారు. రెండూ చూసి తేలుస్తారు."

గ్నెషాకి తొందర ఉంది. పీపాలు చేసే లెమెల్ ఆమెని అడిగాడు. భార్య పోయి, ఇద్దరు పసివాళ్ళతో అల్లాడుతున్నాడు. ఆ పిల్లలు అప్పటికే గ్నెషా కొంగు పట్టుకు తిరుగుతున్నారు.

ఆ పుట నా చేతికి వచ్చిన రోజు ఎండ మండిపోతోంది. గ్నెషా వేడి రొట్టెలు నాలుగు గుడ్డలో చుట్టుకొచ్చి బల్లమీద పెట్టింది.

"రాశావా నా సంగతి?"

"ఇవాళే రాస్తున్నా వదినా."

"బాగా రాయి. నీ రాత చూసైనా కరగాలి వాళ్ళు," అని నవ్వి వెళ్ళింది.

నాకు తెలియక చేశానని చెప్పుకోవచ్చు. అబద్ధం. తెలుసు. కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అప్పటికే నూట నలభై పుటలు కోపెల్ లేకుండా రాసేశాను. ఈ ఒక్క పుటలో ఆయన ఊడిపడితే, మిగతా పుటల్లో ఏమయ్యాడని ఎవరైనా అడగరా? నాన్న ఉన్నాడుగా, పెద్దలు వచ్చినప్పుడు నోటితో చెప్తాడులే అనుకున్నాను. నాన్న మాట ఒక్కటే ఎక్కించి, సిరా ఆరబెట్టి, ఒక రొట్టె తిన్నాను.

పదిహేను రోజుల తర్వాత, శనివారం విశ్రాంతి దినాన, భోజనాల బల్ల దగ్గరే నాన్న ఒరిగిపోయాడు.

ఏడు రోజుల మైలలో నేను నేలమీద కూర్చుంటే, రక్తసంబంధం లేకపోయినా కోపెల్ కూడా వచ్చి నా పక్కన నేలమీదే కూర్చున్నాడు. ఏడవలేదు. గోడకేసి చూస్తూ, "ఇక నన్ను కాదనేవాడెవడు?" అన్నాడొకసారి. అంతే.

పనికిరాని శాస్త్రాల కాగితాలు మేము చింపం, కాల్చం. మట్టి కుండలో పెట్టి చదువుకున్నవాడి సమాధి పక్కన పాతిపెడతాం. పాత కాగితాలు ఏమైనా ఉన్నాయా అని ఖననం చూసే పెద్దలు వచ్చి అడిగారు. నాన్న చిత్తు కాగితాలన్నీ కట్టగట్టి ఇచ్చేశాను. అవి ఇంట్లో ఉంటే నా గుట్టు బయటపడుతుందని భయం. కుండ మూతకి మైనం పెట్టి నాన్న పక్కనే పాతారు. అందరూ నన్ను చూసి, "ఎంత ఓర్పు గల కూతురు," అన్నారు.

ఎండలు తగ్గుముఖం పట్టాక రబ్బీ గెర్షోన్ వచ్చారు. మా ముందుగదిలోనే విచారణ. పొయ్యి పక్కన గ్నెషా. బల్లకి అటు ముగ్గురు పెద్దలు, ఇటు కోపెల్. ఆయన బురుజు వాదమంతా చెప్పాడు. గెర్షోన్ గారు గడ్డం నిమురుకుంటూ విన్నారు.

"మాట బాగుంది. కానీ నువ్వు అద్దాలవాడివి. ఉత్త నీ నోటిమాట మీద నేను ఒకడి భార్యని ఇంకొకడికి ఇవ్వలేను. షబ్సయ్ దీన్ని లెక్కలోకి తీసుకుని రాశాడా? రాస్తే చాలు, దాన్ని పట్టుకుని విప్పుతాను."

"రాశాడు," అన్నాడు కోపెల్. ఆ మాటలో గర్వం ఉంది. "నా మాటే ముందు రాశాడు. ముప్ఫై ఏళ్ళుగా అంతే. తీసి చూడండి."

నేను రాసిన ప్రతి తెరిచారు. గెర్షోన్ గారి వేలు వరస వెంట కదిలింది. వెనక్కి తిప్పారు. ఇంకా వెనక్కి తిప్పారు.

"కోపెల్ అన్న పేరే లేదయ్యా ఇందులో."

ఎవరో కిసుక్కున నవ్వారు. కోపెల్ జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, వంగి, ఒక్కో పుటా చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కళ్ళజోడు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"షబ్సయ్ మనసు మార్చుకున్నట్టున్నాడు," అన్నాడు నెమ్మదిగా. "పుస్తకం ఆయనది."

నేను గుమ్మంలో టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. ఒక్క గ్లాసు కూడా తొణకలేదు. అది తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

గ్నెషాకి చదువు రాదు. పెద్దల్ని వదిలేసి నావైపు తిరిగింది.

"ఫ్రేడ్ల్, నువ్వే కదా రాసింది? ఆయన మాట కూడా ఉందన్నారు కదా మీ నాన్న? లేదా?"

"నాకు గుర్తులేదు వదినా," అన్నాను.

చిత్తు కాగితాలేవి అని గెర్షోన్ గారు అడిగారు. మట్టిలో కలిశాయన్నాను. మా అమ్మాయి నకలు తీసిందంటే అక్షరం పొల్లుపోదని నాన్న ఊరంతా చెప్పుకున్నాడు కాబట్టి, ఇంకెవరూ ఏమీ అడగలేదు.

మూడు వారాలు తిరిగేసరికి లెమెల్ పక్కూరి విధవని చేసుకున్నాడు. అతణ్ణి అని లాభం లేదు, ఇంట్లో పసివాళ్ళు ఆగరు కదా. పెళ్ళి బండి మా వీధిలోంచే పోయింది. గ్నెషా బయటికి వచ్చి చూడలేదు. ఆ రోజు ఆమె ఇంట్లోంచి రొట్టెలు మాడిపోతున్న వాసన వచ్చింది. ఎవరూ తీయడంలేదు. నేను వెళ్ళి తీయలేదు.

ప్రాయశ్చిత్త దినం ముందురోజు మా ఊళ్ళో ఒకరి ఇంటికి ఒకరు వెళ్ళి క్షమించమని అడుగుతారు. దేవుడి పట్ల చేసింది దేవుడు చూసుకుంటాడు గానీ, మనిషి పట్ల చేసింది ఆ మనిషే క్షమించాలి. కోపెల్ ఇంటికి వెళ్ళాలని పొద్దున్నుంచీ చెప్పులు వేసుకుంటున్నాను, విప్పుతున్నాను. మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే కోపెల్. వీపున అద్దాల చట్రం లేదు. ఉతికిన చొక్కా వేసుకుని ఉన్నాడు.

"అమ్మాయ్, మీ నాన్నని పండుగనాడు నలుగురిలో నవ్వులపాలు చేశాను. చూపు లేనివాడని అన్నాను. ప్రశ్న కోసమే అన్నాను గానీ, అది ఆయన మనసులో ముల్లులా ఉండిపోయిందేమో. అందుకే నన్ను పుస్తకంలోంచి తీసేశాడు. ఆయన్ని అడగలేను కదా. ఆయన తరఫున నువ్వు క్షమించు తల్లీ."

గుమ్మంలోనే కూలబడ్డాను.

"నాన్న తీసెయ్యలేదు బాబాయ్. నేను తీసేశాను."

ఆయనకి అర్థంకాలేదు. అంతా చెప్పాను. నూట నలభై పుటలు, సాయంత్రం చదువులు, కుండ, అన్నీ. ఆయన చెయ్యి చాచి తలుపు చట్రాన్ని పట్టుకున్నాడు.

"అంటే... షబ్సయ్ నన్ను తీసెయ్యలేదా?"

"లేదు."

"చివరిదాకా ఉంచాడా?"

"చివరిదాకా. నీ మాటే ముందు."

అప్పుడు ఏడ్చాడు. మైలలో ఏడవని మనిషి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. తర్వాత ముఖం తుడుచుకుని నావైపు చూసిన చూపులో కరుణ లేదు.

"ఎద్దు దారితప్పిందని చూశావు. తోలుకెళ్ళి అప్పగించకపోగా దాని కాళ్ళు కూడా నువ్వే విరిచావు. నా సంగతి నేను క్షమిస్తాను, అది నా చేతిలో ఉంది. గ్నెషాది నా చేతిలో లేదు. లే, పద."

ఆ సాయంత్రమే, ప్రాయశ్చిత్త దినపు ఉపవాసం మొదలవకముందే, నాన్న సమాధి పక్కన తవ్వించాం. తవ్వొచ్చా కూడదా అని ఖననం పెద్దలు ఇద్దరు వాదించుకున్నారు. కోపెల్ పార అందుకుని, "మీరు వాదించుకోండి, నేను తవ్వుతుంటాను," అన్నాడు. పైకాగితాలకి చెమ్మ తగిలింది. గ్నెషా పుట మాత్రం పొడిగానే ఉంది. నాన్న వంకర అక్షరాల్లో మొదటి వరస: నా మిత్రుడు కోపెల్ ఇలా అంటాడు.

పర్ణశాలల పండుగ అయ్యాక గెర్షోన్ గారు మళ్ళీ వచ్చారు. ఆ పుట రెండుసార్లు చదివి, గ్నెషా విధవ అని, ఎవరినైనా చేసుకోవచ్చని రాసి ముద్ర వేశారు. ఎవరినైనా! లెమెల్ ఇంట్లో కొత్త పెళ్ళాం పొయ్యి వెలిగిస్తోంది అప్పటికి.

"ఆడదాని చేతికి శాస్త్రం ఇస్తే ఇంతే," అన్నారు గెర్షోన్ గారు లేవబోతూ.

"ఆడదని కాదు, కూతురని," అన్నాడు కోపెల్. "కొడుకైనా ఇదే చేసుండేవాడు." తర్వాత నాతో, "మళ్ళీ మొదట్నుంచి రాయి. ముందు నా మాట, తర్వాత మీ నాన్న మాట. గ్నెషా పుటలో మూడోది, నీ మాట."

"నాదేం మాట బాబాయ్? నాది తప్పు."

"తప్పుడు మాటే. నచ్చని మాట తీసేస్తే ఏమవుతుందో చూశాం కదా? కారణంతో సహా రాయి. ఇది చెల్లదని కింద రాయి. ఇలాంటి బుద్ధి ఇంకొకరికి పుట్టినప్పుడు చూసుకుంటారు."

గెర్షోన్ గారు మళ్ళీ కూర్చుని, "రాయి," అన్నారు.

మొదటి మంచు పడేనాటికి రాయడం పూర్తయింది. విల్నా బండి మర్నాడు బయలుదేరుతుందనగా గ్నెషా వచ్చింది. విడుదల పత్రం అందిన తర్వాత మా గడప తొక్కడం అదే మొదటిసారి. గుడ్డలో చుట్టిన రొట్టెలు నాలుగు బల్లమీద పెట్టింది. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"రాశావా నా సంగతి?"

"రాశాను వదినా."

"చదువు."

పుట తీశాను. కోపెల్ మాట చదివాను. బురుజు, నాలుగు అంచులు. ఆమె తల ఊపింది. నాన్న మాట చదివాను. గట్టు, మామూలు మనిషి. దానికీ తల ఊపింది. ఇక మూడోది మిగిలింది. వేలు వరస కింద పెట్టి చదివాను.

"నకలు రాసిన కూతురు ఇలా అంది: నాన్న పరువు కోసం రెండో మనిషి మాట తీసెయ్యాలి. ఆమె అలాగే తీసేసింది. అందువల్ల ఒక స్త్రీ ఉండాల్సినదానికంటే ఎక్కువ కాలం పోయిన మొగుడికి కట్టుబడి ఉండిపోయింది, పెళ్ళి తప్పిపోయింది. ఈ మాట చెల్లదు."

గ్నెషా కిటికీలోంచి మంచుకేసి చూస్తూ ఉంది. కోపెల్ అంతకుముందు ఏడు బిగించిన అద్దం అది. నేను పుట మూయబోయాను.

"చివరిది," అంది, ఇటు తిరక్కుండానే. "మళ్ళీ చదువు."

చదివాను.

"మళ్ళీ."